విజయవాడలో ఇల్లు లేనివారికి తాత్కాలిక ఆశ్రయం: తరచుగా అడిగే ప్రశ్నలు

రాత్రి పదకొండు దాటాక పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ నుంచి రైల్వే స్టేషన్ దాకా ఒకసారి నడిచి చూసినవారికి ఈ ప్రశ్నల్లో సగమైనా మనసులో మెదిలే ఉంటాయి. కొన్నేళ్లుగా రోడ్డు పక్కన పడుకునేవారిని షెల్టర్లకు చేర్చే పనిలో పాలుపంచుకుంటున్నాను. కాలనీ సంఘాల పెద్దలు, కళాశాల విద్యార్థులు, వార్డు సచివాలయాల్లో పనిచేసేవారు నన్ను పదేపదే అడిగిన ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు రాస్తున్నాను. నియమం ఏమిటో, అందులో నా అభిప్రాయం ఏదో పాఠకులకు వేర్వేరుగా తెలిసేలా రాయడానికి ప్రయత్నించాను.

నిరాశ్రయులు అని ఎవరిని అంటారు? బిచ్చగాళ్లనేనా?

కాదు. జనాభా లెక్కల వారు ఇల్లు అనదగిన కట్టడంలో కాకుండా ఆరుబయట, రోడ్డు పక్కన, కాలిబాటల మీద, పెద్ద సిమెంటు గొట్టాల్లో, వంతెనల కింద, మెట్ల కింద, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద బతికేవారిని ఇల్లు లేనివారిగా లెక్కిస్తారు. 2011 లెక్కల ప్రకారం దేశంలో ఇలాంటివారు 17.7 లక్షల మంది ఉండగా, వారిలో 9.38 లక్షల మంది పట్టణాల్లో ఉన్నారు. ఒక్క రాత్రి తిరిగి లెక్కపెట్టిన సంఖ్య కాబట్టి, పని మీద తిరిగేవారూ, పోలీసులకు భయపడి చీకట్లోకి తప్పుకునేవారూ అందులోకి రాకుండా పోయే అవకాశం ఎక్కువ.

మన ఊళ్లో నాకు కనిపించినవారిలో ఎక్కువమంది కష్టం చేసుకుని బతికేవారే. కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర బస్తాలు మోసే ముఠా కూలీలు, పెళ్లిళ్లలో వంటపాత్రలు కడిగే ఆడవాళ్లు, అడ్డా మీద నిలబడి రోజు పని కోసం ఎదురుచూసే మేస్త్రీల సహాయకులు, చిత్తు కాగితాలు ఏరేవారు, హోటళ్లలో పనిచేసి రాత్రి అక్కడ పడుకునే చోటు లేనివారు వీరిలో ఉన్నారు. వీరితో పాటు పిల్లలు పట్టించుకోని వృద్ధులు, భర్త తరిమేసిన స్త్రీలు, ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయి ఎక్కడికి పోవాలో తెలియనివారు, మతి స్థిమితం తప్పి ఏ రైల్లోనో ఎక్కి ఇక్కడ దిగినవారు కూడా ఉంటారు. ఇంతమందినీ ఒకే పేరుతో పిలిచి ఒకే గదిలో పెడితే సరిపోతుందనుకోవడంతోనే చాలా తప్పులు మొదలవుతాయి.

వీరికి ఆశ్రయం చూపడం ప్రభుత్వం దయతో చేసే పనా, బాధ్యతా?

బాధ్యత. కాలిబాట మీద బతికేవారి జీవనోపాధి కూడా రాజ్యాంగం 21వ అధికరణం చెప్పే జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో చెప్పింది. తలదాచుకునే చోటు కూడా ఆ హక్కులోకే వస్తుందని 1995లో చమేలీ సింగ్ కేసులో చెప్పింది. 74వ రాజ్యాంగ సవరణతో చేరిన 12వ షెడ్యూలు పట్టణ పేదరిక నిర్మూలనను నగరపాలక సంస్థలు చేపట్టదగిన పనుల్లో ఒకటిగా పేర్కొంది.

షెల్టర్ల విషయం దేశవ్యాప్తంగా ముందుకు రావడానికి ఒక తాత్కాలిక గుడారమే కారణమైంది. 2009 డిసెంబరు చలిలో ఢిల్లీ పూసా రోడ్డు కూడలి దగ్గర ఉన్న తాత్కాలిక షెల్టర్‌ను అధికారులు కూల్చివేశారు. దాని మీద కోర్టులు జోక్యం చేసుకున్నాయి. 2010లో సుప్రీంకోర్టు ఆహార హక్కు కేసులో భాగంగానే, నగరాల్లో తగినన్ని షెల్టర్లు ఏర్పాటు చేయాలనీ, అవి ఏడాది పొడవునా నడవాలనీ రాష్ట్రాలను ఆదేశించింది. ఆ తర్వాత 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్‌లో పట్టణ నిరాశ్రయుల షెల్టర్ల పథకం ఒక భాగమైంది. మన రాష్ట్రంలో ఆ మిషన్‌ను పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ అయిన మెప్మా నడిపింది. అమలు సరిగా లేదన్న ఫిర్యాదు మీద సుప్రీంకోర్టు 2016లో ఢిల్లీ హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కైలాష్ గంభీర్ అధ్యక్షతన కమిటీ వేసింది. ఆ మిషన్ కాలపరిమితి 2024 సెప్టెంబరు 30తో ముగిసింది. పథకం ముగిసినంత మాత్రాన హక్కు ముగియదు.

మన నగరానికి ఎన్ని షెల్టర్లు ఉండాలి?

ప్రతి లక్ష పట్టణ జనాభాకు 100 మందికి సరిపడే చోటు ఉండాలన్నది పథకం పెట్టిన కనీస కొలత. 2011 నాటికే విజయవాడ నగర జనాభా పది లక్షలు దాటింది కనుక ఆ లెక్కన కనీసం వెయ్యి మందికి పడకలు ఉండాలి. గుంటూరు జనాభా ఆరు లక్షలు దాటింది కాబట్టి అక్కడ 600 మందికి ఉండాలి. ఇది కనీసం మాత్రమేనని గుర్తుపెట్టుకోవాలి.

తాత్కాలిక యూనిట్ అంటే ఏమిటి? పక్కా భవనం ఉండగా అది ఎందుకు?

ఇనుప చట్రం మీద రేకులో, ప్యానెళ్లో బిగించి, క్రేనుతో దింపి, రెండు మూడు రోజుల్లో వాడుకలోకి తెచ్చే గదిని పోర్టా క్యాబిన్ అంటారు. పాత సరుకు రవాణా కంటైనర్‌ను కోసి తలుపులు, కిటికీలు పెట్టినదీ, గట్టి గుడారమూ, వంతెన కింద గోడలు కట్టి చేసిన గదీ కూడా ఈ కోవలోకే వస్తాయి. ఢిల్లీలో ఇలాంటి క్యాబిన్లు ఏళ్ల తరబడి షెల్టర్లుగా నడుస్తున్నాయి.

వీటి లాభం త్వరగా రావడమే. స్థలం నగరపాలక సంస్థదై ఉంటే చాలు, టెండరు, పునాది, శ్లాబు అంటూ రెండేళ్లు ఎదురుచూడక్కరలేదు. జనం ఒకచోటు నుంచి మరోచోటికి మారితే దీన్ని కూడా మార్చవచ్చు. అయితే ఈ లాభాన్ని చెప్పేటప్పుడు ఒక చిన్న లెక్క కూడా చెప్పాలి. పథకం ప్రకారం ఒక్కొక్కరికి కనీసం 50 చదరపు అడుగుల చోటు ఉండాలి. ఇరవై అడుగుల కంటైనర్ బయటి కొలత దాదాపు 20 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. అంటే మొత్తం 160 చదరపు అడుగులే. అందులో నియమం ప్రకారం ముగ్గురు పడుకోవచ్చు. నలభై అడుగుల దానిలో ఆరుగురు. వంద మందికి 5,000 చదరపు అడుగులు కావాలి కనుక ఇరవై అడుగుల పెట్టెలు ముప్పైకి పైగా అవసరమవుతాయి. ఒక్కో పెట్టెలో అంతస్తు మంచాలు వేసి పది మందిని సర్దేస్తామని ఎవరైనా చెబితే, అది షెల్టర్ కాదనీ, సామాన్ల గది అనీ మొహమాటం లేకుండా చెప్పాలి.

అందుకే నా ఉద్దేశంలో మొదట వెతకవలసినవి ఖాళీగా ఉన్న కమ్యూనిటీ హాళ్లు, విద్యార్థులు లేక మూతపడిన మున్సిపల్ పాఠశాల భవనాలు, వాడుకలో లేని పాత కార్యాలయాలు. తాత్కాలిక యూనిట్లు వాటికి బదులు కావు. భవనం దొరకని కూడళ్ల దగ్గర, లేదా భవనం మరమ్మతులో ఉన్నన్నాళ్లు మాత్రమే అవి పనికొస్తాయి.

విజయవాడ ఎండలో రేకుల క్యాబిన్‌లో మనిషి ఉండగలడా?

ఈ ప్రశ్న అడిగినవారందరికీ నేను ముందుగా నమస్కారం పెడతాను, ఎందుకంటే అధికారిక కాగితాల్లో దీని గురించి రాసేది చాలా తక్కువ. నిరాశ్రయుల విషయంలో దేశంలో జరిగిన చర్చ ఎక్కువగా ఉత్తరాది చలి చుట్టూ తిరిగింది. మనకు ప్రాణం తీసేది చలి కాదు. మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులూ, ఆ తర్వాత జోరువాన కురిసే రాత్రులూ మనవారికి గండాలు.

ఇంగ్లండులో ఇల్లు లేని కుటుంబాలను కొన్ని స్థానిక సంస్థలు కంటైనర్ ఇళ్లలో ఉంచినప్పుడు, అవి వేసవిలో భరించలేనంత వేడెక్కుతున్నాయని ఆ దేశ బాలల కమిషనర్ 2019లో తప్పుపట్టారు. లండన్ వేసవిలోనే అలా ఉంటే మన రోహిణి కార్తె ఎండకు ఒట్టి రేకుల పెట్టె ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. పగలంతా కాగిన రేకు సాయంత్రం దాటినా గదిలోకి సెగ కొడుతూనే ఉంటుంది, కిటికీ ఒకవైపే ఉంటే ఆ సెగ బయటకు పోయే దారి ఉండదు. కృష్ణా తీరపు ఉక్కపోత దీనికి తోడవుతుంది. అలాంటి గదిని వదిలి జనం బస్ స్టేషన్ అరుగు మీదకు వచ్చేస్తే వారిని తప్పుపట్టడానికి లేదు.

చేయగలిగినవి లేకపోలేదు. గోడలకూ పైకప్పుకూ మధ్యలో నురుగు పదార్థం ఉండే పఫ్ ప్యానెళ్లు వాడాలి. పైకప్పు మీద అడుగు, అడుగున్నర ఎత్తులో రెండో కప్పు వేసి మధ్యలో గాలి ఆడనివ్వాలి. డబ్బు లేకపోతే తాటాకు పందిరి వేసినా ఎంతో ఉపశమనం. పైన తెల్లటి కూల్ రూఫ్ పెయింటు గానీ సున్నం గానీ ఏటా మార్చి నెలలోనే పూయాలి. పొడవైన గోడలు ఉత్తర దక్షిణాలకు తిరిగేలా క్యాబిన్‌ను దింపితే ఉదయం ఎండా, సాయంత్రం ఎండా చిన్న గోడల మీదే పడతాయి. కిటికీలు ఎదురెదురుగా ఉండాలి, ఫ్యాన్లు పనిచేయాలి, కరెంటు పోతే కనీసం ఫ్యాన్లకైనా బ్యాటరీ ఉండాలి. వీటిలో ఏదీ గొప్ప ఖర్చు కాదు. కొనుగోలు ఒప్పందంలోనే రాయకపోతే మాత్రం తర్వాత ఎవరూ చేయరు.

ఎక్కడ పెట్టాలి? కాలవ గట్ల మీద ఖాళీ చోటు చాలా ఉంది కదా?

నిరాశ్రయుల పని ఎక్కడ ఉంటే అక్కడికి నడిచి వెళ్లగలిగే దూరంలో పెట్టాలి. రైల్వే స్టేషన్లు, బస్ స్టేషన్లు, హోల్‌సేల్ మార్కెట్ల వంటి చోట్లకు దగ్గరగా ఉండాలన్నది పథకం నియమం కూడా. తెల్లవారుజామున నాలుగింటికి కూరగాయల లారీ దిగేచోట ఉండవలసిన ముఠా కూలీకి ఊరి చివర షెల్టర్ ఎంత బాగున్నా ఉపయోగం లేదు. ఆటోకు పెట్టే డబ్బు అతని ఆ రోజు కూలీలో పెద్ద వాటా తినేస్తుంది. వన్ టౌన్, గవర్నర్‌పేట, కృష్ణలంక, రైల్వే స్టేషన్ పరిసరాలు, గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్ వైపు చూడాలి.

కాలవ గట్లూ, నది ఒడ్డూ ఖాళీగా కనిపించడం నిజమే. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. ఇళ్లున్నవారు మిద్దె ఎక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. క్యాబిన్‌కు మిద్దె ఉండదు. కాబట్టి వరద వచ్చిన ఎత్తు కన్నా పైన ఉండే నేల మీద, గట్టి దిమ్మెల మీద నిలబెట్టాలి, నేలకు ఇనుప తాళ్లతో బిగించాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. మనం గాలివానకు దూరంగా ఉన్నామనుకోవడానికి వీల్లేదు.

షెల్టర్ లోపల ఏమేమి ఉండాలి?

గాలి వెలుతురు వచ్చే గదులు, తాగునీరు, మరుగుదొడ్లు, స్నానాల గదులు, లైట్లు, దోమల నివారణ, అగ్నిమాపక ఏర్పాట్లు, ప్రథమ చికిత్స పెట్టె, వంట చేసుకునే చోటు, ఒక్కొక్కరికి తాళం వేసుకునే పెట్టె ఉండాలి. రోజంతా, ఏడాదంతా తెరిచి ఉండాలి. ఎనిమిది గంటల చొప్పున మారే ముగ్గురు సంరక్షకులు ఉండాలి.

ఈ జాబితాలో అందరూ తేలిగ్గా తీసుకునేది తాళం పెట్టె. ఇల్లు లేని మనిషికి ఆధార్ కార్డు, రెండు జతల బట్టలు, దాచుకున్న నాలుగు వందల రూపాయలే ఆస్తి. అవి తల కింద పెట్టుకుని పడుకుంటే కంటి మీద కునుకు రాదు. నాలుగు గోడలూ ఫ్యాన్లూ ఇచ్చి తాళం పెట్టె ఇవ్వని చోట మనుషులు నిలబడరని అనుభవం మీద చెబుతున్నాను.

తాత్కాలిక యూనిట్ల విషయంలో అసలు చిక్కు మరుగుదొడ్డి. గది ఒక్కరోజులో దిగుతుంది, మురుగు కనెక్షన్ దిగదు. నీరు, డ్రైనేజీ, కరెంటు మూడూ వచ్చాకే తలుపు తెరవాలి.

ఖర్చు ఎంత? నడపడానికి డబ్బు సరిపోతుందా?

షెల్టర్ నిర్వహణకు పథకం లెక్కకట్టిన డబ్బు చాలా తక్కువ. భాగిస్తే మనిషికి రోజుకు కొద్ది రూపాయలే వస్తాయి. అందులోనే సంరక్షకుల జీతాలు, కరెంటు, శుభ్రత, మరమ్మతులు అన్నీ జరగాలి. ఈ డబ్బుతో నడపమని స్వచ్ఛంద సంస్థకు అప్పగించి, ఆరు నెలలకు గానీ బిల్లు చెల్లించకపోతే దుప్పట్లు ఉతకడం ఆగిపోతుంది, రాత్రి కాపలా మనిషి మానేస్తాడు, ఆ వెంటనే ఆడవాళ్లు రావడం మానేస్తారు. కొత్త క్యాబిన్ ప్రారంభోత్సవానికి వెళ్లే కార్పొరేటర్లను నేను కోరేది ఒక్కటే: నిర్వహణ డబ్బు నగరపాలక బడ్జెట్‌లో విడి పద్దుగా ఉందో లేదో అడగండి.

పడకలు ఖాళీగా ఉన్నా కొందరు రోడ్డు మీదే పడుకుంటారు. వారికి రావడం ఇష్టం లేదా?

ఈ మాట చాలామంది అధికారుల నోట విన్నాను, మొదట్లో నేనూ నమ్మాను. ఒక రాత్రి బస్ స్టేషన్ బయట రిక్షా మీద ముడుచుకుని పడుకున్న ఒక పెద్దాయనను లేపి, "బాబాయ్, దగ్గర్లోనే షెల్టర్ ఉంది, ఫ్యాన్ ఉంది, రండి" అన్నాను. ఆయన కోపగించుకోలేదు. "నేను లోపల పడుకుంటే నా బండికి కాపలా ఎవరయ్యా?" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు, ఎందుకంటే ఆ షెల్టర్‌లో బండి పెట్టుకునే చోటు లేదు. ఆ బండి పోతే మర్నాటి నుంచి ఆయనకు తిండి లేదు.

ఆ రోజు నుంచి ఎవరైనా రానంటే కారణం అడుగుతున్నాను, ప్రతిసారీ ఒక కారణం ఉంటోంది. తోపుడు బండి పెట్టుకోనివ్వరు. పదింటికే తలుపు వేస్తారు, హోటల్ పని పదకొండింటికి అవుతుంది. భార్యాభర్తలను వేరుచేస్తారు. వెంట ఉన్న కుక్కను రానివ్వరు. ఒకసారి సెల్‌ఫోన్ పోయింది. నిండా తాగినవాడు పక్కనే పడుకుని గొడవ చేశాడు. ఆధార్ అడుగుతారు. ఫోటోలు తీస్తారు, ఊళ్లో చుట్టాలు చూస్తే పరువు పోతుంది. వీటిలో చాలావరకు రెండు రోజుల్లో మార్చగలిగిన నియమాలే. గేటు దగ్గర గొలుసు వేసుకునే బండ్ల స్టాండు, రాత్రంతా తెరిచి ఉంచే తలుపు, కుటుంబాలకు విడిగా అడ్డుగోడలు పెడితే సగం పడకలు నిండుతాయి. రానివారిని తిట్టడం కన్నా వారితో పది నిమిషాలు కూర్చుని మాట్లాడితే షెల్టర్‌ను ఎలా నడపాలో తెలిసిపోతుంది.

ఒంటరి స్త్రీలకూ, కుటుంబాలకూ విడిగా ఉండాలా?

తప్పకుండా. స్త్రీల షెల్టర్‌కు ద్వారం, మరుగుదొడ్డి, సిబ్బంది అన్నీ విడిగా ఉండాలి. ఒకే ఆవరణలో మగవారి క్యాబిన్ పక్కన ఆడవారి క్యాబిన్ దింపి మధ్యలో ఉమ్మడి మరుగుదొడ్డి పెట్టడం ఏ విధంగానూ అంగీకరించదగినది కాదు. రాత్రిపూట ఆపదలో ఉన్న స్త్రీ కనిపిస్తే 181కి ఫోన్ చేయవచ్చు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను ఎక్కడ ఉంచాలన్నది వారిని అడిగి నిర్ణయించాలి.

పిల్లలు ఒంటరిగా కనిపిస్తే?

పెద్దల షెల్టర్‌కు తీసుకెళ్లకూడదు. 1098కి చెప్పాలి. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం, సంరక్షణ అవసరమైన పిల్లలను 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. రైల్వే జంక్షన్ కావడం వల్ల ఇంటి నుంచి పారిపోయి వచ్చిన పిల్లలు విజయవాడలో తరచుగా దిగుతుంటారు. తల్లిదండ్రులతో ఉన్న పిల్లలను మాత్రం వారి నుంచి విడదీయకుండా, దగ్గరి అంగన్‌వాడీలోనూ బడిలోనూ చేర్పించాలి.

ఆధార్ కార్డు లేకపోతే లోపలికి రానివ్వరా?

రానివ్వాలి. కార్డు లేనివారికే ఆశ్రయం ఎక్కువ అవసరం. రాత్రికి చోటు ఇచ్చి, తర్వాత కార్డు ఇప్పించడమే సరైన క్రమం. చిరునామా రుజువు లేనివారికి గుర్తింపు పొందిన పరిచయకర్త ద్వారా ఆధార్ నమోదు చేసే పద్ధతి ఉంది.

ఓటు సంగతి చాలామందికి తెలియదు. ఇల్లు లేనివారికి చిరునామా పత్రం ఏదీ అక్కరలేదు. ఫారం 6లో తాము రాత్రి పడుకునే చోటు రాస్తే, బూత్ స్థాయి అధికారి ఒకటికి మించిన రాత్రులు అక్కడికి వచ్చి, ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నట్టు చూసుకుని పేరు చేర్చాలన్నది ఎన్నికల సంఘం నిబంధన. షెల్టర్ చిరునామా ఉంటే ఈ పని ఇంకా తేలిక.

అరవై ఏళ్లు నిండిన అర్హులకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4,000 రూపాయల పింఛను వస్తోంది. ఈ మొత్తంతో ఒక వృద్ధురాలు మరొకరితో కలిసి చిన్న గది అద్దెకు తీసుకోగలదు. అంటే కొందరి విషయంలో ఇంటికీ రోడ్డుకూ మధ్య ఉన్న దూరం ఒక దరఖాస్తు మాత్రమే. అది వార్డు సచివాలయంలో ఇవ్వాలి, వెంట వెళ్లి నిలబడే మనిషి ఉండాలి. షెల్టర్ సంరక్షకుల్లో ఒకరికైనా ఈ పని అప్పగించాలి.

షెల్టర్‌లో ఉండటానికి డబ్బు కట్టాలా? భోజనం పెడతారా?

సంపాదన లేనివారి దగ్గర ఏమీ తీసుకోకూడదు. సంపాదించేవారి నుంచి ఆదాయంలో పదో వంతుకు మించని చిన్న రుసుము తీసుకోవచ్చని పథకం అనుమతించింది. భోజనం ఒక్కోచోట ఒక్కో రకంగా నడుస్తోంది. 2024 ఆగస్టులో మళ్లీ మొదలైన అన్న క్యాంటీన్లలో ఒక్కో పూట 5 రూపాయలకే దొరుకుతుంది కనుక, వాటికి దగ్గరగా షెల్టర్ ఉంటే సగం భారం తగ్గుతుంది. నడవలేనివారికీ జ్వరంతో ఉన్నవారికీ లోపలే వంట జరగాలి.

పోలీసులు గానీ సిబ్బంది గానీ బలవంతంగా షెల్టర్‌కు తరలించవచ్చా?

షెల్టర్ జైలు కాదు. మనిషి తన ఇష్టంతో రావాలి, తన ఇష్టంతో వెళ్లాలి. దసరా ఉత్సవాలకో, ప్రముఖుల రాకకో ముందు కాలిబాటల మీద ఉన్నవారిని వాహనాల్లో ఎక్కించి ఊరి బయట దించి రావడం ఏ నగరంలో జరిగినా ఆశ్రయం కిందకు రాదు. వారు మూడోరోజు నడుచుకుంటూ తిరిగి వస్తారు, మధ్యలో ఉన్న కాస్త సామానూ పోగొట్టుకుంటారు. బిచ్చమెత్తడాన్ని నేరంగా చూసే బొంబాయి చట్టంలోని నిబంధనలను ఢిల్లీ విషయంలో అక్కడి హైకోర్టు 2018లో కొట్టివేసింది. పేదరికాన్ని నేరం చేయకూడదన్నదే దాని సారం.

మానసిక అనారోగ్యంతో తిరిగేవారి విషయం వేరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం, అలాంటివారిని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య సంస్థకు చేర్చడం పోలీసుల విధి. వారిని లాకప్‌లో ఉంచడానికి ఏ పరిస్థితిలోనూ వీల్లేదు. చికిత్స మొదలుకాకుండా వారిని నేరుగా షెల్టర్‌లో వదిలివెళితే వారికీ మేలు జరగదు, పక్కవారికీ నిద్ర ఉండదు.

మా వీధిలో షెల్టర్ పెడితే దొంగతనాలు పెరుగుతాయని భయంగా ఉంది.

భయాన్ని తోసిపుచ్చను. ఇంట్లో ఆడపిల్లలున్నవారు అడిగే ప్రశ్న ఇది. అయితే ఆ మనుషులు ఇప్పటికే మీ వీధి చివర, మూసిన దుకాణాల మెట్ల మీద, చీకట్లో పడుకుంటున్నారు. షెల్టర్ వస్తే వారికి రిజిస్టర్‌లో పేరుంటుంది, లైటు ఉంటుంది, సంరక్షకుడు ఉంటాడు, మరుగుదొడ్డి ఉంటుంది. కాలనీ నుంచి ఇద్దరు షెల్టర్ నిర్వహణ కమిటీలో కూర్చోండి, నెలకోసారి లోపలికి వెళ్లి చూడండి. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి, మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అక్కడ పడుకుంటున్నారని తెలిసే అవకాశం ఉంది.

వరద బాధితుల శిబిరం, నిరాశ్రయుల షెల్టర్ ఒకటేనా?

కాదు. వరద శిబిరంలో ఉండేవారికి నీరు తగ్గాక తిరిగి వెళ్లడానికి ఇల్లు ఉంది. 2024 వరదల సమయంలో కల్యాణ మండపాల్లో, పాఠశాలల్లో శిబిరాలు తెరిచినట్టే ముందు ముందూ తెరవాల్సి వస్తుంది. ఆ సమయంలో షెల్టర్‌లోని పాతవారిని ఖాళీ చేయించి బాధితులను పెట్టడం, శిబిరం మూసేటప్పుడు నిరాశ్రయులను "మీరు ఈ వార్డువారు కాదు" అని పంపేయడం రెండూ తప్పే. నగర విపత్తు ప్రణాళికలో ఇల్లు లేనివారిని ఎవరు, ఏ వాహనంలో, ఎక్కడికి తరలిస్తారో విడిగా రాయాలి. ఇంటి నంబరు లేనివారి తలుపు తట్టి హెచ్చరించేవారు ఉండరు.

గుంటూరులో పరిస్థితి ఇలాగే ఉంటుందా?

రెండు తేడాలు ఉన్నాయి. మిర్చి యార్డు సీజన్‌లో వేరే ఊళ్ల నుంచి వచ్చే కూలీలు కొన్ని నెలలపాటు మాత్రమే ఉంటారు. ఆ నెలల్లో మార్కెట్ దగ్గర దింపి తర్వాత వేరేచోటికి మార్చే తాత్కాలిక యూనిట్లు అక్కడ నిజంగా అక్కరకొస్తాయి. రెండోది ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రి. చుట్టుపక్కల జిల్లాల నుంచి రోగులను తెచ్చిన బంధువులు వారాల తరబడి ఆసుపత్రి బయట చెట్ల కింద పడుకోవడం ఎవరైనా చూడవచ్చు. వారు సాధారణ అర్థంలో నిరాశ్రయులు కాకపోయినా, ఆ వారాలపాటు వారికీ చోటు కావాలి, ముఖ్యంగా కాన్పుకు వచ్చిన కూతురికి తోడొచ్చిన తల్లులకు.

రాత్రిపూట రోడ్డు మీద ఎవరైనా ఇబ్బందిలో కనిపిస్తే నేనేం చేయాలి?

స్పృహ లేకపోయినా, గాయమైనా 108. తక్షణ ప్రమాదమైతే 112. వృద్ధుల కోసం ఉన్న 14567 ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకానే పనిచేస్తుంది. ఫోన్ చేసి వెళ్లిపోకండి. వాహనం వచ్చేదాకా పక్కన ఉండి, నీళ్లు ఇచ్చి, పేరూ ఊరూ అడగండి. దగ్గరి షెల్టర్ ఎక్కడుందో ముందే తెలుసుకుని ఫోన్‌లో పెట్టుకుంటే మేలు. తెలియకపోతే పగలు నగరపాలక సంస్థ యూసీడీ (పట్టణ సామాజిక అభివృద్ధి) విభాగాన్ని గానీ మీ వార్డు సచివాలయాన్ని గానీ అడగండి.

తాత్కాలిక యూనిట్‌ను ఎప్పుడు తీసేయవచ్చు?

తాత్కాలికం అనేది కట్టడానికి చెందిన మాట, మనిషి హక్కుకు చెందినది కాదు. లండన్‌లో లూయిషామ్ స్థానిక సంస్థ 2016లో లేడీవెల్ అనే చోట, విప్పి మరోచోట బిగించగలిగే పద్ధతిలో 24 ఫ్లాట్ల భవనం కట్టి ఇల్లు లేని కుటుంబాలకు ఇచ్చింది. తాత్కాలికమైనా మామూలు ఇళ్లకు తగ్గని కొలతలతో కట్టారు. తీసుకెళ్లగలగడం వేరు, తీసేయడం వేరు.

మన దగ్గర యూనిట్ దింపే రోజునే మూడు విషయాలు రాతపూర్వకంగా ఉండాలని నా వాదన. అది ఏ తేదీ వరకు అక్కడ ఉంటుంది? ఆ తేదీ నాటికి బదులుగా తెరిచే పక్కా షెల్టర్ ఏది? ఆ పక్కా షెల్టర్ తలుపు తెరిచి, ఇక్కడ పడుకునే ప్రతి ఒక్కరి పేరూ అక్కడి రిజిస్టర్‌లో ఎక్కేదాకా క్రేను రాకూడదన్న షరతు ఉందా? ఈ మూడూ గేటు మీద తెలుగులో రాసి పెట్టాలి. చదవడం రానివారికి సంరక్షకుడు మొదటి రాత్రే చదివి వినిపించాలి.